ఇల్లు సర్దినన్నాళ్ళూ

మొన్న ఆదివారం పటాన్‌చెరులో మా అమ్మాయి ఇంటికి వెళ్ళేసరికి హాలంతా దొంగలు పడి పోయినట్టుంది. మా అల్లుడు నాలుగు నెలలుగా వాయిదా వేస్తూ వచ్చిన కర్టెన్ రాడ్డును ఆ రోజు ఎలాగైనా బిగించాలని పట్టుపట్టాడట. డ్రిల్లు మిషను గోడలోకి దిగుతుంటే సిమెంటు పొడి సోఫా మీదా, టీవీ మీదా, మడత పెట్టకుండా వదిలేసిన బట్టల కుప్ప మీదా రాలుతోంది. అప్పటికే రెండు కన్నాలు తప్పు పడ్డాయి. మనవరాలు బల్ల మీది పొడిలో వేలితో బొమ్మలు గీస్తోంది. మా అమ్మాయి ఆ గందరగోళం నడుమ కాళ్ళు ముడుచుకుని కూర్చుని, చాయ్ తాగుతూ మొగుణ్ణి చూసి నవ్వుతోంది. నేను చీపురు కోసం లేవబోతే, "కూసో అమ్మా, పొడి ఏడికి పోతది" అంది. కూర్చున్నాను గాని, అల్లుడు సుత్తి ఎత్తిన ప్రతిసారీ నా భుజాలు వాటంతటవే బిగుసుకుపోయాయి. డెబ్బై ఏళ్ళు వచ్చినా ఒళ్ళు ఆ అలవాటు మానలేదు. అది ఎక్కడి అలవాటో నా తోటివాళ్ళలో కొందరికైనా చెప్పకుండానే తెలుస్తుంది. మిగతావాళ్ళకు ఈ వయసులోనైనా చెప్పుకోవాలనిపించింది.

మా పుట్టిల్లు సంగారెడ్డి బజారులో. ముందు దుకాణం, వెనక ఇల్లు, రెంటి మధ్య బండలు పరిచిన వాకిలి. నాన్నది చింతపండు, ఎండుమిరపకాయల వ్యాపారం. దుకాణంలో కూర్చున్నంతసేపూ ఆయనంత మెత్తని మనిషి బజారులో లేడని పేరు. ఊళ్ళ నుంచి సరుకు తెచ్చిన రైతులకు చేతికి మంచినీళ్ళ చెంబు అందించి, పిల్లల యోగక్షేమాలు అడిగేవాడు. ఆ మనిషే లోపలి గడప దాటేసరికి ఇంకొకడయ్యేవాడు. ఆయనకు ఇల్లు అద్దంలా ఉండాలి. బిందెల మూతులన్నీ ఒక వరసలో ఉండాలి. దండెం మీద బట్టల అంచులు సమంగా వేలాడాలి. బండల మీద తడి అడుగు కనిపించకూడదు. కనిపిస్తే ఎవరిదని అడిగేవాడు కాదు, అమ్మను కొట్టేవాడు. చేతికి ఏది దొరికితే దానితో కొట్టేవాడు. ఒకసారి చెంబు విసిరితే అమ్మ కనుబొమ చీలి, నెత్తురు ముక్కు పక్కనుంచి కారి నోట్లోకి పోయింది. ఆవిడ ఒక చేత్తో కొంగు కంటికి అదుముకుని, రెండో చేత్తో బండల మీద పడ్డ నెత్తురు చుక్కలు తుడవడం నేను స్తంభానికి ఆనుకుని చూశాను. మరక ఉంటే మళ్ళీ కొడతాడని ఆవిడ భయం. నాకు అప్పుడు ఆరేడేళ్ళు. దుకాణం నుంచి నాన్న చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, నేనూ అమ్మా ఒకరినొకరు చూసుకోకుండానే ఇంట్లో చెరొక మూలకు పరుగెత్తి కనిపించినదల్లా సర్దేవాళ్ళం.

ఇంత శుభ్రం కోరిన మనిషి తాను చేయించవలసిన పనులు మాత్రం ఒక్కటీ చేయించేవాడు కాదు. పెరటి తలుపు గొళ్ళెం ఊడి ఏళ్ళయింది, తాడుతో కట్టుకునేవాళ్ళం. గూనపెంకలు జరిగి వానాకాలంలో పొయ్యి పక్కనే నీళ్ళు కారేవి. అన్నిటికన్నా భయంకరమైనది వంటింటి అటక. దాన్ని మోసే దూలానికి చెదలు పట్టి, వేలితో నొక్కితే పొట్టు రాలేది. పెళ్ళిళ్ళకు వాడే గంగాళాలు, ఇత్తడి బిందెలు, ఏడాదికి సరిపడా పచ్చడి జాడీలు, అన్నీ దాని మీదే. అమ్మ ఉగాదికి ముందే చెప్పింది. వానలు మొదలయ్యాక మళ్ళీ చెప్పింది. నాన్నేమో వడ్లాయనను పిలుస్త, ఎల్లుండి చూద్దాం అనేవాడు; ఆ వడ్రంగి ఉండేది నాలుగిళ్ళ అవతలే. మూడోసారి అడిగిన రోజు, నాకే పని చెబుతావా అని చెంప మీద కొట్టాడు. తరవాత అమ్మ అడగలేదు. పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం నన్ను ఆ దూలం కిందికి రానిచ్చేది కాదు.

మా ఇంట్లో మరో మనిషి ఉండేది, మా నాయనమ్మ. నాన్నను కన్నతల్లి. చిన్నవయసులోనే భర్త పోయి, కొడుకును ఒంటిచేత్తో పెంచిన మనిషి. అమ్మకు దెబ్బలు పడుతుంటే ఆవిడ చింతపండు గింజలు తీస్తూనో, బియ్యం చెరుగుతూనో తల వంచుకుని కూర్చునేది. ఆపేది కాదు, ఎగదోసేదీ కాదు. ఆ మౌనానికి నేను నాన్న కన్నా ఆవిడనే ఎక్కువ ద్వేషించానంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది.

అటక కూలింది ఒక మధ్యాహ్నం. నాకు పదకొండో ఏడు. నాయనమ్మ వాకిట్లో రోట్లో కారం దంచుతోంది. ఘాటుకు ఇల్లంతా దగ్గుతోంది. నేను పెరట్లో ఉన్నాను. పిడుగు పడ్డట్టు చప్పుడయింది, ఆ తరవాత గంగాళం ఒకటి దొర్లుతూ దొర్లుతూ ఆగడం వినిపించింది. పరుగెత్తుకు వచ్చి చూస్తే వంటిల్లంతా చెదల మట్టి, జాడీ పెంకులు, నూనె, మామిడికాయ ముక్కలు. వాటి నడుమ అమ్మ ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఉంది. ఎడమ భుజం కిందికి జారిపోయి, మెడ దగ్గర ఎముక చర్మాన్ని పైకి పొడుచుకుని కనిపిస్తోంది. ఆవిడ అరవలేదు. నోరు తెరుచుకుని ఉంది, శబ్దం లేదు.

నాన్న దుకాణం నుంచి వచ్చాడు. లేవనెత్తుతాడనుకున్నాను. ఆయన చూపు ముందు నూనె మీద పడింది, తరవాత ముక్కలైన జాడీల మీద, అప్పుడు అమ్మ మీద.

"ఇది ఇల్లా, అంగడా?" అని అరిచి, కిందపడ్డ దూలం చెక్క ఒకటి తీసుకుని అమ్మ వీపు మీద కొట్టాడు. రెండోసారి కొట్టాడు. ఆ రెండో దెబ్బ విరిగిన భుజం మీద పడింది. అప్పుడు అరిచింది అమ్మ. అది మనిషి అరుపులా లేదు.

మూడోసారి ఎత్తిన చెయ్యి కిందికి దిగలేదు. నాయనమ్మ రోకలితో వచ్చింది. ఆవిడ రావడం నేను చూడలేదు, కొట్టడం చూశాను. రెండు చేతులా ఎత్తి, ధాన్యం దంచినట్టే, కొడుకు ముంజేతి మీద దించింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడయింది. చెక్క జారిపోయింది. నాన్న చెయ్యి పట్టుకుని గోడకు జారగిలబడ్డాడు. నాయనమ్మ రోకలి దించలేదు. కారం అంటిన చేతులు, కళ్ళ వెంట నీళ్ళు, ఘాటుకో దుఃఖానికో తెలియదు.

"లే. లేసి కొట్టు. ముందుగాల నన్ను కొట్టి, ఇగ దాన్ని కొట్టు" అంది. ఆయన లేవలేదు. "మీ నాయిన గిట్లనే కొడితే పడ్డ. నువ్వు గది నేర్చుకుంటుంటె సూసుకుంట ఊకున్న. తప్పు నాది. ఇంకోపారి చెయ్యి లేస్తే ఈసారి నెత్తి పలగ్గొడత."

విరిగిన బొక్కలు కట్టే పహిల్వాన్ మా గల్లీ చివరే ఉండేవాడు. కబురు అందగానే వెదురుబద్దలు, గుడ్డ పీలికలు పట్టుకుని వచ్చాడు. కట్టు గట్టిపడాలంటే కోడిగుడ్డు సొన కావాలి. గుడ్డు ఎన్నడూ గడప దాటని ఇల్లు మాది. నాయనమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తానే పక్కింటికి వెళ్ళి నాలుగు గుడ్లు కొంగులో పెట్టుకుని వచ్చింది. ముందు అమ్మ భుజం సరిచేసి, తరవాత నాన్న చెయ్యి పట్టుకుని, "గిదెట్లయింది సేఠ్?" అని అడిగాడు పహిల్వాన్. అటక మీద పడిందన్నాడు నాన్న. "అటక కాదు, నేను కొట్టిన" అంది నాయనమ్మ గుమ్మంలోంచి. ఎముకను యథాస్థానంలోకి లాగేటప్పుడు పహిల్వాన్ కాస్త ఎక్కువ బలం పెట్టాడేమోనని నాకు ఇప్పటికీ అనుమానం. నాన్న కేక దుకాణం దాటి బజారు దాకా వినిపించింది.

మరునాడే నాయనమ్మ వడ్లాయనను పిలిపించింది. కొత్త దూలం వచ్చింది. గొళ్ళెం బిగించారు, పెంకలు సర్దారు, బావి గిలక మార్చారు, ఏళ్ళ తరబడి ఆగిన పనులన్నీ నెల తిరక్కుండా పూర్తయ్యాయి. నాన్న కట్టుకట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని దుకాణంలో కూర్చుని ఆ సుత్తి చప్పుళ్ళు వినేవాడు. ఎముక వంకరగానే అతికింది. ఆ తరవాత ఆయన అమ్మ మీద చెయ్యి చేసుకోలేదు. అలాగని ఇల్లు మారిపోయిందని చెప్పను. గిన్నెలు ఎగిరేవి, మాటలు కోసేవి, మేమూ సర్దడం మానలేదు. చెయ్యి లేవకపోవడమే మాకు పెద్ద పండుగ.

ఇక్కడితో ఆపితే నేను మంచిదాన్నయిపోతాను. కాని అసలు చెప్పదలచుకున్నది ఇకమీదటిది.

డెబ్బయ్యో దశకం చివర్లో నా పెళ్ళయింది. మా ఆయన పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆ పక్కనే చిట్కుల్‌లో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. ఆయన గొంతు పెంచి మాట్లాడి ఎరగడు, వేడిలేని అన్నం పెట్టినా తినేసి షిఫ్టుకు వెళ్ళేవాడు. నా అదృష్టానికి అమ్మ ఊళ్ళో అందరికీ చెప్పుకుని మురిసేది. రోడ్డు మీద లారీలు పోతుంటే ఎర్రటి దుమ్ము ఇంట్లోకి వచ్చేది. రోజుకు నాలుగుసార్లు తుడిచేదాన్ని. నన్నెవరూ అడగలేదు, ఎవరూ కొట్టరు, అయినా బిందెలు వరసలో లేకపోతే ఊపిరాడేది కాదు. ఆ ఇంట్లోనే మా అమ్మాయి పుట్టింది, నడక నేర్చింది, వస్తువులు లాగడం నేర్చింది. మొదట చేతి మీద చిన్న దెబ్బ. తరవాత వీపు మీద. దాని నాలుగో ఏటికి చీపురు తిరగేసి కొట్టడం దాకా వచ్చాను. మా ఆయన డ్యూటీలో ఉన్నప్పుడే కొట్టేదాన్ని. అంటే అది తప్పని నాకు తెలుసు.

ఒకసారి అమ్మ సంగారెడ్డి నుంచి బస్సులో వచ్చింది, వారం రోజులుందామని. ఏడాదిగా అనుకుంటూ ఆపేసిన వెల్ల వేసే పని ఆ వారంలో నేను ముందేసుకున్నాను. ఒక గది పూర్తయింది. రెండో గది మొదలుపెట్టే లోపల పిల్ల సున్నం డబ్బాలో చెయ్యి పెట్టి లాగింది. కడిగి తుడిచిన నేలంతా తెల్లగా పారింది. నాకు ఏమైందో చెప్పలేను. చేతిలో వెల్ల కుంచె ఉంది, దాని కట్టెతో తల మీదా, కాళ్ళ మీదా, ఎక్కడ పడితే అక్కడ కొట్టాను. తప్పించుకోబోతే జుట్టు పట్టి ఈడ్చి తోసేశాను. ఇనుప పెట్టె మూల నుదుటికి తగిలింది. సున్నంలో నెత్తురు కలిసింది. పిల్ల ఏడవలేదు. లేచి కూర్చుని, తన గౌను కొసతో నేల తుడవడం మొదలుపెట్టింది.

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పిల్లను ఎత్తుకుని నీళ్ళ దగ్గరకు తీసుకుపోయి కడిగింది, తన పాత చీర చింపి నుదుటికి కట్టింది, చేతిసంచిలో దాని బట్టలు నాలుగు పెట్టింది. నేను అడ్డం వెళితే నా మొహంలోకి చూసి, "పిల్లను తీస్కపోతున్న. ఇగ నీ ఇల్లు మంచిగ సదురుకో బిడ్డా" అంది. అంతే. పొద్దుగూకక ముందే బస్సెక్కి వెళ్ళిపోయింది. సాయంత్రం మా ఆయన వచ్చి సంగతి విని, అన్నం ముట్టకుండా గడప మీద కూర్చున్నాడు. ఆయన నన్ను ఏమీ అనకపోవడం కన్నా నాలుగు కొట్టి ఉంటే బాగుండుననిపించింది. అలా అనిపించడం కూడా నా జబ్బులో భాగమేనని తరవాతెప్పుడో తెలిసింది.

రెండో గదికి వెల్ల వేశాను. ఇల్లంతా తుడిచాను. పదకొండు రోజులు పెట్టిన వస్తువు పెట్టినచోటే ఉంది. పన్నెండో రోజు పొద్దున్నే సంగారెడ్డి బస్సెక్కాను.

దుకాణం ముందు దిగేసరికి నాన్న గద్దె మీద ఉన్నాడు. ముసలివాడైపోయాడు. ఆయన చుట్టూ నేల మీద చింతగింజలు చెల్లాచెదురుగా ఉన్నాయి, నా కూతురు వాటితో ఇళ్ళు కడుతోంది, కట్టిన ఇంటిని కూలగొట్టి ఆ గింజలు ఆయన మోకాలి మీద పోస్తోంది. ఆయన కిమ్మనడం లేదు. నేను పేరు పెట్టి పిలిచాను. పిల్ల తలెత్తి చూసి, గింజలన్నీ గబగబా పోగుచేయబోయి, చేతకాక, లేచి పరుగెత్తి మా నాన్న వీపు వెనక దాక్కుంది. నేను ఏ మనిషిని చూసి స్తంభం చాటున దాక్కున్నానో, ఆ మనిషి చాటున.

నాన్న ఆ వంకర చెయ్యి వెనక్కి పెట్టి పిల్లను పట్టుకున్నాడు.

"జెర మెల్లగ పిలువు బిడ్డా" అన్నాడు. "నీ మొఖం నా మొఖం లెక్కనే ఉన్నది."

అక్కడే, బజారులో అందరూ చూస్తుండగా కూలబడి ఏడ్చాను. పిల్ల మూడు రోజులకు గాని నా దగ్గరకు రాలేదు. ఆ మూడు రోజులూ నేను నేల మీద కూర్చుని చింతగింజలు పేరుస్తూ ఉన్నాను, దూరంగా, అది చూసేలా. మళ్ళీ దాని మీద చెయ్యి ఎత్తలేదా అంటే, ఎత్తాను, రెండుసార్లు, రెండుసార్లూ దించుకోగలిగాను. అంతకన్నా గొప్పగా చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

నాయనమ్మ అప్పటికే పోయింది. తరవాత నాన్నా, అమ్మా పోయారు. బజారులో మా ఇల్లు కూలగొట్టి ఎవరో కాంప్లెక్సు కట్టారు. చిట్కుల్‌లో మేమున్న గదులు ఏ మూలన ఉండేవో వెతికినా దొరకలేదు. ఈ కాలం పిల్లలకు ఇల్లు ఉంచుకోవడం రాదని నా తోటివాళ్ళు విసుక్కుంటుంటే నేనూ తలూపుతాను, నిజమే గనుక. కాని మా కాలంలో ఇంటి మగవాడి చెప్పుల చప్పుడు వినిపిస్తే ఇల్లంతా ఊపిరి బిగపట్టేది. ఇప్పుడు ఆ చప్పుడుకు పిల్లలు ఆడుతున్న ఆట ఎక్కడిదక్కడ వదిలేసి గుమ్మం వైపు పరుగెత్తడం చూస్తున్నాను. అది చూడకుండా మా అమ్మ వెళ్ళిపోయింది. రోకలి ఎత్తిన ఆ ముసలమ్మా వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరినీ ఒక్క పూట తీసుకువచ్చి, ఏ పనీ చెప్పకుండా మా అమ్మాయి ఇంట్లో ఆ గుమ్మం పక్కన ఊరికే కూర్చోబెట్టాలని ఉంటుంది.