గడ్డలోకి దూకినవాళ్ళు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. తమిళనాడులోని విరుదునగర్‌లో ఒక ల్యాబులో నేను పాథాలజిస్టుని, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసి రోగం పేరు చెప్పే డాక్టర్ని. మా దగ్గరికి మనుషులు రారు, ముక్కలే వస్తాయి. గురువమ్మక్క మాత్రం మనిషే వచ్చింది.

కోవిల్‌పట్టి అవతల, కళుగుమలై దారిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఆమెకు పని. రొమ్ములో గడ్డ. బయాప్సీ ముక్క చూసి క్యాన్సరని రాసింది నేనే. ముందు కీమో, తర్వాత ఆపరేషన్ అన్నారు సర్జన్. ఆమె ససేమిరా అంది. ఆ ఫ్యాక్టరీల్లో మెడికల్ క్యాంపంటే రక్తపరీక్షే. రక్తం బాగుంటే మనిషి బాగున్నట్టే లెక్క. రాసిందెవరో అడుగుదామని నేరుగా నా గదికే వచ్చింది. మా ఇంట్లోలా తరాలుగా ఇక్కడే ఉంటున్న తెలుగువాళ్ళ యాస ఆమె అరవంలో వినబడి, తెలుగులో కూర్చోమన్నాను.

"నెత్తురు బాగుండాదని రాసిచ్చినారు డాకటరమ్మా. నువ్వేమో క్యాన్సరంటావు. ఎవురిని నమ్మేది?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, ఆమె స్లైడే మైక్రోస్కోపు కింద పెట్టి చూడమన్నాను.

"ఈ పెద్దపెద్దవి క్యాన్సర్ కణాలు. మధ్యలో ముదురు ఊదా చుక్కలున్నాయే, అవి నీ తెల్లకణాలక్కా. లింఫోసైట్లు."

"అవి నెత్తురులో గదా ఉండేది?"

"నెత్తురులో ఉన్నవాళ్ళు దారిన పోయేవాళ్ళు. వీళ్ళు ఇంట్లో దొంగ పడ్డాడని పసిగట్టి లోపలికి దూకినవాళ్ళు."

వీటిని మేం టిల్స్ అంటాం. గడ్డను గుర్తుపట్టే కణాలు రక్తంలో ఎక్కడో ఒకటి అరా ఉంటాయి. గడ్డ లోపల అవి పోగవుతాయి. ఆమె గడ్డలో కిక్కిరిసి ఉన్నాయి.

గురువమ్మక్క కన్ను తియ్యలేదు. "ఇంతమంది ఉండీ గెలవలేదేమి?"

"కొట్లాడి కొట్లాడి అలిసిపోయారక్కా. ఇలాంటి గడ్డలకు మందు చాలాసార్లు బాగా పనిచేస్తుంది. మాట మాత్రం ఇవ్వలేను."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నేను పెట్టెలంటిస్తా కూచోనుంటే వీళ్ళు లోపల కొట్లాడతా ఉండారా! సరి, మందేసుకుంటా."

కీమో అయ్యాక, ఆపరేషన్ చేసి తీసిన ముక్క నా దగ్గరికే వచ్చింది. గడ్డ ఉన్న చోటంతా కోసి, స్లైడు తర్వాత స్లైడు వెతికాను. క్యాన్సర్ కణం ఒక్కటీ లేదు. మచ్చ కట్టిన చోట లింఫోసైట్లు మాత్రం ఇంకా ఉన్నాయి. దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా.

ఫోన్ చేసి చెబితే అవతల చాలాసేపు ఏడుపే వినిపించింది. తర్వాత అడిగింది: "మరి వాళ్ళు?"

"ఉన్నారక్కా."

అంతకుముందు అన్నేళ్ళూ గడ్డలో శత్రువునే వెతికాను. ఇప్పుడు ఏ స్లైడు పెట్టినా, మనవాళ్ళు లోపలికి వచ్చారా అని కూడా చూస్తాను. వచ్చి ఉంటే, రోగిని పిలిచి ముందు వాళ్ళనే చూపిస్తాను.