బీపీ తగ్గిందని సంబరపడిన పొద్దు

వైశాఖ బహుళ తదియ, మంగళవారం. ఉదయం ఏడు దాటి పది నిమిషాలు. చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో, పాలు తీయబోయిన మా ఆయన్ని మా గేదె కుమ్మింది. దెబ్బ ఎడమ పక్కటెముకల కింద తగిలింది. చొక్కా విప్పి చూస్తే కాస్త కమిలిన మచ్చ తప్ప ఏమీ లేదు.

"రగతం సుక్క నేదు. ఇసక కాపడం ఎడితే సరి," అన్నాడు పక్కింట్లో ఉండే మా తమ్ముడు సింహాచలం.

కాసేపటికి ఆయనకు చెమటలు పట్టాయి. ఎడమ భుజం లాగుతోందన్నారు. రోజూ ఆయన బీపీ చూసేది నేనే. పై అంకె నూట నలభైకి తగ్గదు, పల్స్ డెబ్బై ఐదు దాటదు. ఆ రోజు బీపీ తొంభై ఎనిమిది, పల్స్ నూట పద్నాలుగు.

"ఒసే, సూసినావా! గేద కుమ్మితే బీపీ దిగిపోనాది. ఇన్నాళ్లూ ఆ మాత్రలెందుకు మింగించినావే?" అని నవ్వారు ఆయన.

"తగ్గితే మంచిదే కదేటక్కా!" అన్నాడు తమ్ముడు.

ఇద్దరికీ సంబరమే. నాకు మాత్రం లెక్క కుదరలేదు. పల్స్ బీపీని దాటడం నేనెన్నడూ చూడలేదు. కాపడం మూట పక్కన పడేయించి 108కి ఫోన్ చేశాను.

విజయనగరం ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మది మా మనవరాలి వయసు. అప్పటికి బీపీ ఎనభై ఆరు, పల్స్ నూట ఇరవై ఆరు. ఆ అమ్మాయి పొట్ట మీద స్కాన్ చేసి, నర్సు వైపు తిరిగింది. "బ్లడ్ బ్యాంక్‌కి చెప్పండి. మాసివ్ ట్రాన్స్‌ఫ్యూజన్ పడేలా ఉంది, చాలా రక్తం ఎక్కించాలి. రక్తం, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు అన్నీ పంపమనండి."

మా ఆయన అప్పటికీ గేదె కథ చెబుతూనే ఉన్నారు.

"ఇలా మాట్లాడుతున్న మనిషికి అంత రక్తమా అమ్మా?" అని అడిగాను.

"లోపల స్ప్లీన్, అదే ప్లీహం, చిట్లిందమ్మా. పొట్టలో రక్తం చేరుతోంది. పల్స్‌ని బీపీతో భాగిస్తే వచ్చేది షాక్ ఇండెక్స్. అది ఒకటి దాటితే మాకు భయం. పడిపోయాక రక్తం కోసం పరుగెడితే అందదు. ఇది అంచనాయే. తప్పితే సంతోషం."

మనసులోనే భాగించాను. ఒకటిన్నరకు పిసరు తక్కువ. ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టాను.

అంచనా తప్పలేదు. థియేటర్‌కు తీసుకెళుతుండగానే ఆయన మాట ఆగిపోయింది. కానీ రక్తం సంచి అప్పటికే స్టాండుకు వేలాడుతోంది. స్ప్లీన్ తీసేసి ప్రాణం నిలిపారు.

ఈలోగా ఊరు ఊరంతా అరటిపళ్లతో వ్యాను దిగింది. చూడటానికి వచ్చినవాళ్లలో ఇవ్వగలిగినవాళ్లను, వాడిన రక్తానికి బదులుగా బ్లడ్ బ్యాంకుకు రక్తం ఇవ్వమన్నారు ఆసుపత్రివాళ్లు.

"సూదంటే నాకు బయమక్కా," అన్నాడు సింహాచలం.

"గేద కొమ్ములట్టుకుంటావు గానీ సూదికేటిరా బయం? నడు!"

కళ్లు మూసుకుని ఇచ్చాడు.

తర్వాత జ్వరం వచ్చి, ఛాతీలో నిమ్ము చేరి, ఇంటికి రావడం ఆలస్యమైంది. స్ప్లీన్ లేదు కాబట్టి టీకాలు వేశారు. జ్వరం వస్తే ఇంట్లో ఉంచవద్దని చెప్పారు. ఇప్పుడు ఆయన మళ్లీ పాలు తీస్తున్నారు, అదే గేదెకు రెండో పక్క కూర్చుని.

ఒక్క మాట. పొట్టకో పక్కటెముకలకో గట్టి దెబ్బ తగిలితే, బయట రక్తం లేదని ఊరుకోకండి. ఏమీ పెట్టకుండా, తాగించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మిషన్ ఉంటే బీపీ పై అంకెతో పాటు పల్స్ కూడా చూడండి. అంకెలు బాగున్నా సరే, వెళ్లడం మానకండి.

సింహాచలం మాత్రం రోజూ చెంబుతో వస్తాడు. "నీ ఒంట్లో నా రగతమున్నాది బావా! పాలల్లో సగం నాదే."

లెక్క తప్పితే నేనూరుకోను. "నీ రక్తం బ్యాంకుకెళ్లిందిరా. మీ బావకెక్కింది అక్కడ ముందే ఉన్న రక్తం. నీది ఇంకెవరికో ఎక్కుంటాది," అన్నాను.

వాడు చెంబు చాచాడు. "అయితే నాకింకో బావ ఉన్నాడన్నమాట. ఆడి ఇల్లు దొరికేదాకా ఇక్కడే పొయ్యక్కా."