తెరుచుకునే మూత

నా చిన్నప్పుడు ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన వేసవిలో, హవల్లీలోని మా ఇంట్లో పెద్దవాళ్లందరూ ప్రపంచం ఏమైపోతుందోనని మాట్లాడుకుంటుంటే, మా మామ మాత్రం వంటగదిలో చాప పరుచుకుని అలెన్ కీలను పరీక్షిస్తూ కూర్చున్నాడు. ఒక దేశం చేతులు మారుతున్నప్పుడు మనిషి చేయవలసిన పని ఇదేనా అని నాన్న అడిగాడు. మామ తల ఎత్తలేదు. "దేశం మన చేతిలో లేదు గదా బావా, ఇవి ఉండాయి" అన్నాడు.

మామ అంటే అమ్మకు తమ్ముడు. కడప నుంచి వచ్చి, రిమోట్‌తో నడిచే కార్లు అమ్మే దుకాణంలో వాటిని బాగుచేసేవాడు. దుకాణం యజమాని సెలవులకు విదేశం వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. చిక్కుకున్నాడంటే, మాకంటే క్షేమంగా ఉన్నాడని అర్థం. ఎవరో కొని, గోడకు కొట్టి, వాపసు చేసిన ఒక కారును మామ బాగుచేసి నాకిచ్చాడు. దాని పొట్ట కింద బ్యాటరీకి ఒక గూడు, గూటికి మూత, మూతకు చిన్న స్క్రూలు ఉండేవి. స్క్రూ తలలో ఆరు పలకల గుంట ఉంటుంది. అందులో సరిగ్గా కూర్చునే అలెన్ కీ ఉంటేనే అది తిరుగుతుంది.

ఇరాక్ మీదుగా జోర్డాన్ వెళ్లే బస్సులో మాకు చోటు దొరికింది. దారిలో సైనికులు బంగారం తీసేసుకుంటున్నారని అప్పటికే వాడంతా చెప్పుకుంటున్నారు. బ్యాంకులో దాచింది రాదని తేలిపోయాక మాకు మిగిలింది అమ్మ పుస్తెల గొలుసు, కమ్మలు, అమ్మమ్మ పెట్టిన ఉంగరం. ఊరికి చేరాక బతుకు మొదలుపెట్టాలంటే అవే ఆధారం. అమ్మ మెడలో పసుపుతాడు కట్టుకుంది. మామ నా కారు బ్యాటరీకి చుట్టిన ప్లాస్టిక్ తొడుగు విప్పి, లోపలి సెల్లు కొన్ని తీసేసి, వాటి చోట దూదిలో చుట్టిన బంగారం పెట్టి, మళ్లీ అలాగే తొడిగాడు. చూస్తే అచ్చంగా బ్యాటరీయే. కారు మాత్రం ఇక కదలదు.

స్క్రూలకు జిగురు పోసి ఎవడూ విప్పలేనట్టు బిగించమన్నాడు నాన్న. మామ ఒప్పుకోలేదు. "తెరుచుకోలేదనుకో, వాడు పగలగొడతాడు బావా. తెరుచుకుంటే చూసి మూసేస్తాడు."

అందుకే ఆ పరీక్ష. దుకాణం నుంచి తెచ్చిన కీలన్నీ చాప మీద పోశాడు. ఎర్రటి పిడి ఉన్నది నాన్నకు నచ్చింది. "పిడి చూసి కొనాల్సింది గరిటెను" అని మామ దాన్ని పక్కన పడేశాడు. ఒక్కోదాని మూతి మీద ఆకురాయి ఆడించేవాడు. గీత పడితే అది మెత్తని ఇనుము, పనికిరాదు. స్క్రూలో పెట్టి కదిపి చూసేవాడు. వదులుగా ఆడితే అదీ పోయినట్టే. మిగిలిన వాటితో నాచేత బిగింపించి, విప్పించి, మూతి అంచులు అరిగాయేమో కిటికీ వెలుతురులో చూసేవాడు. "బిగించేటప్పుడు ఏదైనా మంచిదే పాపా. విప్పేటప్పుడే దాని గుణం తెలిసేది" అన్నాడు. చివరికి నెగ్గింది నల్లగా, మేకులా ఉన్న ఒక కీ. దాన్ని చూసి నాన్న దేవుణ్ణి తలుచుకున్నాడు.

దారిలో ఒక తనిఖీ దగ్గర అందరినీ దింపారు. కుర్ర సైనికుడొకడు నా చేతిలోని కారు లాక్కుని ఊపి చూశాడు. తిరగేసి, తుపాకీకున్న కత్తి మొనను మూత అంచున ఆనించి, "ఇఫ్తాహ్" అన్నాడు. తెరవమని. నాన్న ముఖం సున్నం కొట్టినట్టయింది. మామ నా భుజం తట్టి, "తియ్ మే పాపా" అన్నాడు, ఇంట్లో అన్నట్టే.

కీ పెట్టాను. జారలేదు. స్క్రూలు ఒకదాని వెంట ఒకటి బుద్ధిగా వచ్చేశాయి. సైనికుడు కత్తి పక్కకు తీసి, తొంగి చూసి, బ్యాటరీని గోటితో కొట్టాడు. నడిపించమని సైగ చేశాడు. మామ పెదవి విరిచి, "బ్యాటరీ ఖలాస్, అఖీ" అన్నాడు, అయిపోయింది తమ్ముడూ అని. అందులో అబద్ధమేమీ లేదు. సైనికుడు నా వైపు జాలిగా చూశాడు. చక్రాలను వేలితో తిప్పి ముచ్చటపడ్డాడు. తర్వాత కీ నా చేతిలోంచి తీసుకుని, మా బంగారం మీద మూత పెట్టి, తనే శ్రద్ధగా బిగించాడు. బిగించి, కీ జేబులో వేసుకున్నాడు.

మేం ఊపిరి పీల్చుకుని బస్సు వైపు తిరిగాం. మామ తిరగలేదు. చెయ్యి చాపి, కీ ఇవ్వమన్నాడు. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే నా మట్టిగాజులు నాకే గుచ్చుకున్నాయి. సైనికుడు ఒక్క క్షణం చూసి, నవ్వి, ఇచ్చేశాడు.

బస్సెక్కాక అమ్మ విరుచుకుపడింది. "పానం కంటే ఆ కడ్డీ ఎక్కువైందేమిరా నీకు?"

"అది లేకుంటే నీ గొలుసు ఎట్లా తీద్దుమక్కా? ఇంకో కీ వెతకాలంటే మళ్లా నాలుగు దినాలు కూర్చోవాల" అన్నాడు మామ. అమ్మ కోపం మధ్యలోనే నవ్వేసింది. ఆ ప్రయాణంలో అదే మొదటి నవ్వు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. ఏ పనిముట్టు కొన్నా ముందు మూతి చూస్తాను. ఏది బిగించినా, రేపు దాన్ని విప్పేవాళ్లను తలుచుకుని చివరి చుట్టు బిగించకుండా వదిలేస్తాను. ఎక్కడైనా ఎవరైనా నా సంచిలో ఏముందని అడిగితే, వాళ్లు చెయ్యి పెట్టకముందే నేనే జిప్పు తీసి చూపిస్తాను. దాచుకున్నది ఏమీ లేక కాదు.