ఎముకలు నొస్తున్నయన్న పిల్ల

మొన్న కరీంనగర్‌లో మా మనుమరాలు పరీక్షకని కణవిభజన పాఠం పైకి చదువుతూ, ఎర్ర రక్తకణానికి కేంద్రకం ఉండదు, అది విభజన చెందదు అనగానే, చిక్కుడుకాయలు తుంచుతున్న నా చేతులు ఆగిపోయాయి.

హుజూరాబాద్ దాటి ఎరుగని నాకు మొదటి ఉద్యోగం ఉట్నూర్ వైపు బాలికల ఆశ్రమ పాఠశాలలో పడింది. ఏజెన్సీ అనగానే మా అవ్వ అన్నం ముట్టలేదు. అక్కడ ఒకనాడు నరాల కణం, కండర కణం, రక్తకణం బోర్డు మీద గీసి చెబుతుంటే వెనక వరుసలోంచి ఒక గోండు పిల్ల లేచింది.

"టీచర్, ఎర్రకణం రెండుగ కాదంటిరి గదా, మరి కొత్తయి ఏడికెల్లి వస్తయి?"

ఎముకల మూలుగలో పుడతాయన్నాను.

"గందుకేనా నా ఎముకలు గింతగనం నొస్తయి?"

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చలికాలం వస్తే ఆ పిల్ల ముడుచుకుని మూలగడం, చదువు తప్పించుకునే నకరాలని వార్డెనమ్మ తిట్టడం చూస్తూనే ఉన్నాను. ఆదివారం జీపులో పట్నం ఆసుపత్రికి తీసుకెళితే, డాక్టరు రక్తం చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి నన్నూ చూడమన్నారు. గుండ్రంగా ఉండవలసిన కణాల మధ్య కొన్ని కొడవళ్లలా వంగి ఉన్నాయి. దీన్నే సికిల్ సెల్ జబ్బంటారని చెప్పారు.

జబ్బుకు పేరు తెలిస్తే జాలి పుడుతుందనుకున్నాను. ఆ పిల్లకు కంచం వేరు చేశారు. ఇది అంటురోగం కాదని, తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం పుట్టుకతోనే వచ్చిందని ఎంత మొత్తుకున్నా, వార్డెనమ్మ ఒకటే మాట: "రేపు ఇంకో పిల్లకు అంటుకుంటే ఎవలు జవాబు చెప్తరు? ఇంటికి తోలుండ్రి."

తీసుకుపోవడానికి వచ్చిన తండ్రికి నేనే అంతా వివరించాను. ఆయన తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, "మా ఇద్దరి రక్తమేనా టీచరమ్మా, దాన్ని గింత గోస పెడ్తున్నది?" అన్నాడు. తప్పు మీది కాదంటే తల ఊపాడు గానీ, నమ్మినట్టు లేడు.

ఆ వానాకాలం జ్వరంతో పాటు నొప్పి తిరగబెట్టిందట. వాగు పొంగి జీపు దాటలేదట. పిల్ల దక్కలేదని, దసరా సెలవులయ్యాక బడి తెరిస్తే పిల్లలు చెబితేనే నాకు తెలిసింది. వార్డెనమ్మ రిజిస్టరులో పేరు కొట్టేసి, పడుకునే చోటు ఇంకొకరికి ఇచ్చింది.

ఇప్పుడు హాస్టళ్లలోనే రక్తపరీక్షలు చేస్తున్నారట, మాత్రలు ఇస్తున్నారట. సంతోషమే. కానీ ఆ రోజుల్లో కూడా ఆ పిల్లకు మేము ఇవ్వగలిగినవి ఉన్నాయి: వెచ్చని దుప్పటి, తాగినన్ని నీళ్లు, నొస్తున్నదంటే నమ్మడం. వాటి కోసం ఏ మందూ కనిపెట్టనక్కరలేదు.