బిళ్లలమ్మ, చుట్టుబాట

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, అంతే. తొమ్మిదేళ్లుగా అందరికీ ఆమె బిళ్లలమ్మ.

పిల్లాపాపలతో వచ్చేవాళ్లు సులువుగా నడవడానికి అటవీ శాఖవారు ఊరి బయట ఒక చుట్టుబాట వేశారు. ఆ బాట మొదట్లో గేటు, దాని పక్కన ఒక చెక్క గది ఉంది. చేతులు రెండూ చాస్తే రెండు గోడలూ తగులుతాయి. ఒక కిటికీ, ఒక స్టూలు, గోడ నిండా మేకులు. బాట మీదికి వెళ్లే ప్రతి కుటుంబానికీ ఆమె అంకె వేసిన ఇత్తడి బిళ్ల ఒకటి ఇస్తుంది. తిరిగి వచ్చాక ఆ బిళ్లను అదే అంకె మేకుకు తగిలిస్తుంది. సాయంత్రం నాలుగున్నరకు అన్ని మేకులూ నిండితే లోపల ఎవరూ మిగల్లేదన్నమాట. గేటు మూసి ఇంటికి వెళ్లవచ్చు. ఒక్క మేకు బోసిగా ఉన్నా కదలడానికి వీల్లేదు.

"మొదట చెట్ల నీడ వస్తుంది. తర్వాత చిన్న రాతిగుట్ట, మెట్లున్నాయి, భయం లేదు. ఆ పైన పచ్చికబయలు. చివర్లో రెల్లు, చెక్కబాట. మొత్తం గంట నడక. చిన్నపిల్లలైనా నడుస్తారు." ఎక్కం అప్పజెప్పినట్టు రోజుకు ముప్ఫై సార్లు చెబుతుంది. ఆమె మాత్రం ఆ బాట మీద ఒక్కసారీ నడవలేదు. పగలంతా కిటికీ వదలకూడదు, పని ముగిశాక నాలుగూ ముప్పావు బస్సు వదలకూడదు.

ఆ బస్సు తప్పకూడదనడానికి కారణం ఇంట్లో ఉంది. ఆమె భర్త లారీ తోలుతాడు, నెలకు నాలుగు రోజులు ఇంటి మొహం చూస్తే గొప్ప. ఇంట్లో ఉండేది అత్తగారు. ఆవిడకు డెబ్బై ఆరేళ్లు. కాళ్లు గట్టివే, జ్ఞాపకమే చెదిరింది. తలుపు తెరిచి ఉంటే నడిచి వెళ్లిపోతుంది. ఒకసారి నాలుగు వీధుల అవతల దొరికింది. రెండోసారి పాల వ్యాను ఆయన చూసి, ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, ఇల్లిల్లూ అడుగుతూ తీసుకొచ్చాడు. అప్పటికి అరికాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. "మా అమ్మ దగ్గరికి వెళ్తున్నాను" అందట ఆయనతో. పాలు ఆలస్యమై ఆయన ఎన్ని మాటలు పడ్డాడో ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు నుంచి బిళ్లలమ్మ ఇంటికి బయట తాళం వేసి వెళ్తోంది. రోజూ పొద్దున తాళం తిప్పేటప్పుడు కళ్లు మూసుకుని దేవుడికి క్షమాపణ చెప్పుకుంటుంది. రెండో తాళంచెవి ఎదురింటి కుట్టుమిషను ఆవిడ దగ్గర ఉంటుంది. మధ్యాహ్నం ఆవిడే వచ్చి అన్నం పెట్టి, పొద్దు వాలేదాకా కిటికీ బయట కూర్చుని కాజాలు కుడుతూ కబుర్లు చెబుతుంది. ఎవరూ అడగలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

ఆ శనివారం పొద్దున కుట్టుమిషను ఆవిడ వీధిలోకి వచ్చి చెప్పింది. "ఇదిగో వదినా, మా అమ్మాయికి నొప్పులట. అన్నం పెట్టేసి ఒంటిగంట బస్సుకు పోతాను. నువ్వు అయిదున్నరకల్లా వచ్చేస్తావుగా?"

"వచ్చేస్తాను. నువ్వు నిశ్చింతగా వెళ్లు."

"పొద్దు వాలితే పెద్దావిడకు కాలు నిలవదు, నీకు తెలిసిందే. మొన్న తలుపు కొట్టి కొట్టి చెయ్యి కమిలించుకుంది."

"వస్తానన్నానుగా తల్లీ."

మనసు ఇంటి దగ్గరే ఉన్నా చేతులు బిళ్లలు ఇస్తూనే ఉన్నాయి. పిల్లలున్న కుటుంబాలతో ఆమె ఎప్పుడూ ఒక హాస్యమాడుతుంది. ఆ రోజూ ఆడింది. "బిళ్ల జాగ్రత్త! పోగొట్టారో, బిళ్ల లేనిదే గేటు దాటనివ్వను. రాత్రికి కప్పల పక్కనే పడక!"

నాలుగున్నర అయింది. పందొమ్మిదో మేకు బోసిగా ఉంది.

ఆమె సూపర్‌వైజరుకు ఫోను చేసింది. "ఎవరో జేబులో వేసుకుని పోయుంటార్లే" అన్నాడాయన. "అయితే గేటు మూసెయ్యమంటారా సార్?" అంటే వెనక్కి తగ్గాడు. "పోయుంటారంటున్నా గానీ, పోయారని సంతకం పెట్టమంటే నేను పెట్టలేనమ్మా. నువ్వు పెట్టగలవా?" ఆమె పెట్టలేదు. చిన్నపిల్ల ఎక్కడైనా పడిపోయి ఉంటే? ఆయన వచ్చేసరికి గంటన్నర పడుతుందట. కుట్టుమిషను ఆవిడకు చేస్తే ఫోను ఎత్తలేదు. కళ్లముందే నాలుగూ ముప్పావు బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

ఇక్కడ గేటు మూయడానికి లేదు. అక్కడ తలుపు తీయడానికి లేదు. గదికి గొళ్లెం పెట్టి బాట మీద అడుగు పెట్టింది.

తొమ్మిదేళ్లు అందరికీ చెప్పిన వరసలోనే నడిచింది, ఇంకోవైపు నుంచి వెళ్లవచ్చన్న ఆలోచనే రాలేదు. చెట్ల నీడ వచ్చింది. నీడలో ఎవరూ లేరు. రాతిగుట్ట ఎక్కి కేకేసింది. తన కేక తనకే వినపడింది. పచ్చికబయలు మీద ఎండ పసుపు రాసినట్టు పరుచుకుని ఉంది. మనుషులు అంతంత దూరం నుంచి వచ్చి చూసే చోటది. ఆమెకు మాత్రం కళ్లముందు ఒక తలుపు, దాన్ని లోపలి నుంచి కొట్టే ముడతల చెయ్యి కనిపిస్తున్నాయి. అడ్డదారిన పోదామంటే బాటకు రెండు వైపులా నడుమెత్తు తాడు, తాడు అవతల ముళ్లకంప. పిల్లలు దారి తప్పకూడదని కట్టించినవి. మలుపు తిరిగితే ఇంకో మలుపు. తప్పుకుందామన్నా తప్పుకోనివ్వని బాట. "తండ్రీ, ఆ ముసలి ప్రాణాన్ని నువ్వే చూసుకో" అనుకుంటూ ఒగురుస్తూ నడిచింది.

రెల్లు దగ్గర కనిపించారు. ఒక మనిషి మోకాళ్ల లోతు బురదలో వంగి చేతులతో తడుముతున్నాడు. చెక్కబాట మీద అతని భార్య చంకలో పసివాణ్ణి పెట్టుకుని నిలబడి ఉంది. పక్కన ఆరేళ్ల పాప, ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"దొరుకుతుందమ్మా, ఇంకొక్క పావుగంట!" అన్నాడతను ఆమెను చూడగానే. "పాప చేతిలోంచి ఇక్కడే జారింది."

"ఎప్పుడు?"

"రెండున్నరకి."

"రెండున్నర నుంచీ వెతుకుతున్నారా? వచ్చి నాకు చెప్పొచ్చుగా బాబూ!"

భార్య అందుకుంది. "చెబుదాం పద అంటూనే ఉన్నానండీ. ఈయనేమో సర్కారు సొమ్ము, ఊరుకుంటారా అంటారు. ఇదేమో గేటు మాటెత్తితే తాడు పట్టుకుని వదలదు. మీరే అన్నారటగా, బిళ్ల లేకపోతే కప్పల దగ్గర పడుకోబెడతానని."

బిళ్లలమ్మ చెక్కల మీద అలాగే కూలబడింది. "అయ్యో తల్లీ, అది నవ్వులాటకన్నాను!"

పాప ఆమెను ఎగాదిగా చూసింది. "మరి నువ్వు నవ్వలేదుగా."

నిజమే. బిళ్ల ఇచ్చేటప్పుడు ఆమె మొహంలో నవ్వెక్కడుంది? నోరా, వీపుకు చేటు తేకే అన్నారు పెద్దలు. ఈ నోరు తన వీపుకే కాదు, ఇంకొకరి బిడ్డకూ చేటు తెచ్చింది. పాపను దగ్గరకు తీసుకుని, "గేటు నాది. నేను తీస్తాను. బిళ్ల పోతే పోయింది, కప్పలు ఆడుకుంటాయి" అంది. ఈసారి నవ్వింది. పాప చెయ్యి ఇచ్చింది.

అక్కడి నుంచి గేటు రెండొందల అడుగులు కూడా లేదు.

పుస్తకంలో బిళ్ల పోయిందని, మనుషులు క్షేమమని రాసి సంతకం పెట్టింది. సూపర్‌వైజరుకు రావద్దని చెప్పింది. తర్వాతి బస్సు ఆరింటికి. ఆమె మాటిమాటికీ గడియారం చూసుకోవడం గమనించి ఆ మనిషి, "ఇంటి దగ్గర ఎవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగాడు. చెప్పింది. అతను బురద కాళ్లతోనే రోడ్డు మలుపు అవతల నిలిపిన తన సామాన్ల ఆటో తీశాడు. "మీరు ముందు కూర్చోండి. వీళ్లు వెనక ఎక్కుతారు."

ఇల్లు చేరేసరికి ఆరు. తాళం తీసినా తలుపు కదల్లేదు. అత్తగారు లోపల తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.

"అత్తయ్యా, కాస్త జరగండి."

"జరగను. జరిగితే మళ్లీ మూస్తావు."

"మూయనత్తయ్యా."

"రోజూ ఇదే మాటంటావు."

చివరికి పెద్దావిడే ఎందుకో లేచి వెళ్లి మంచం మీద కూర్చుంది. చీర తడిసి ఉంది, వేలి కణుపులు తోలు లేచి ఉన్నాయి. ఆ సంగతి చూడనట్టే, ఆటో ఆయన భార్య పసివాణ్ణి భర్తకిచ్చి, పొయ్యి ఎక్కడో అడిగి నీళ్లు కాచడానికి వెళ్లింది. ఒక గంట కిందట ముఖమెరగని మనిషి. దేవుడు ఇలాంటి చేతుల్ని ఎక్కడెక్కడ దాచి ఉంచుతాడో మనకు తెలియదు.

పాప గుమ్మంలో నిలబడి తాళంకప్పను అటూ ఇటూ తిప్పి చూస్తోంది. "ఈ అవ్వ ఏం పోగొట్టింది?" అని అడిగింది.

తండ్రి పాప నోరు మూయబోయాడు. బిళ్లలమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఆ రాత్రి అత్తగారి వేళ్లకు మందు రాస్తూ కూడా అదే ఆలోచించింది.

ఆదివారం సూపర్‌వైజరు తనిఖీకి వచ్చినప్పుడు, అత్తగారిని బాట మీద నడవడానికి తెచ్చుకోవచ్చా అని అడిగేసింది. ఆయన కళ్లజోడు తీశాడు.

"పనిచేసే చోటికి ఇంట్లోవాళ్లను తెస్తారా ఎవరైనా?"

"ఇంటిమనిషిగా కాదు సార్. నడవడానికి వచ్చిన మనిషిగా. పెద్దలకు కూడా అనువైనదని బోర్డు మీద మీరే రాయించారు."

"పెద్దలంటే ఇలాంటి పెద్దలా? దారి తప్పితే?"

"నేను నడిచి చూశాను సార్. తప్పుదామన్నా తప్పడానికి లేదు. ఎటు తిరిగినా మళ్లీ నా కిటికీ దగ్గరికే తెస్తుంది."

"తొమ్మిదేళ్లకు నడిచావన్నమాట!" అని ఆయన నవ్వాడు. కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఆయనకూ ఇంట్లో ఒక తల్లి ఉందని తర్వాత తెలిసింది. జనం పలచగా ఉండే సోమవారం, గురువారం మాత్రం సరేనన్నాడు. మిగతా రోజులు తాళం తాళమే. కుట్టుమిషను ఆవిడ కిటికీ బయట కబుర్లే.

ఆ మొదటి సోమవారం పొద్దున అత్తగారు బిళ్ల కొంగున కట్టుకుని చెట్ల నీడలోకి నడుస్తూ కనుమరుగైంది. వెంట వెళ్లడానికి బిళ్లలమ్మకు వీల్లేదు. కిటికీ అంచు పట్టుకుని కూర్చుంది. ఇరవై నిమిషాలు. నలభై. గంట. ఒక జంట వచ్చి బిళ్ల అడిగితే పరధ్యానంగా వరస తప్పిన అంకె ఇచ్చింది. గంటా పది. ఇంత చిన్న గదిలో ఇంత భయం ఎలా పట్టిందో ఆమెకే అర్థం కాలేదు. లేవబోయింది, మళ్లీ కూర్చుంది.

రెల్లు వైపు నుంచి అత్తగారు వచ్చింది. చెప్పులకు బురద, మొహం నిండా చెమట. నేరుగా కిటికీ దగ్గరకు వచ్చి, తెలియని మనిషిని చూసినట్టు మర్యాదగా తల వంచింది.

"ఏమమ్మా, ఇక్కడేదో మంచి బాట ఉందట కదా. నాలాంటి ముసలిదాన్ని వెళ్లనిస్తారా?"

బిళ్లలమ్మ కిటికీలోంచి ముందుకు వంగింది.

"వెళ్లండి. ఎంతసేపైనా నడవండి. రాతిగుట్ట దగ్గర మూడో మెట్టు కాస్త కదులుతుంది, చూసి అడుగెయ్యండి."