అత్తకి అప్పజెప్పిన ప్రసంగం

మొన్న, క్రిస్మస్ ముందు వచ్చే ఆదివారాల్లో మొదటిదాని నాడు, పాస్టరు అయ్యగారు చర్చిలో "ఈ ఆగమన దినాల్లో క్రీస్తు స్వరం వినండి" అన్నారట. అన్నారట అని ఎందుకంటున్నానంటే, నాకు వినపడలేదు. టెక్కలి డాక్టరు నా చెవిలోకి లైటు వేసి చూసి "వయసు" అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం శుభ్రంగా వినపడింది. ఇంటికొచ్చాక మా ఆవిడ ప్రసంగమంతా నా చెవిలో అరిచి చెబుతుంటే, పలాసలో ఉండే మా పెద్దత్త గుర్తొచ్చింది.

పెద్దత్త మా నాన్నకి అక్క, నేను ఆవిడ దగ్గరే ఉండేవాణ్ణి. జీడి పిక్కలు కొట్టీ కొట్టీ ఆవిడ వేళ్ళు నల్లబడ్డాయి, అరవై దాటాక చెవులు పోయాయి. అయినా చర్చిలో మొదటి వరస ఆవిడదే. అయ్యగారి పెదాలకేసి చూస్తూ కూర్చుని, ఇంటికొచ్చాక నన్ను పీట మీద కూర్చోబెట్టేది. "ఏటి సెప్పేర్రా అయ్యగారు?" ప్రసంగం చెవిలో అరిచి అప్పజెబితేనే చేపల కూర. ఆరో తరగతిలో బడికి దండం పెట్టేసినవాణ్ణి నేను. పాఠాల బెడద వదిలిందనుకుంటే, చీర కట్టుకుని మళ్ళీ ఎదురొచ్చింది.

ఒక డిసెంబరు ఆదివారం, జీడి కార్ఖానాలో రాత్రి షిఫ్టు దిగి నేరుగా చర్చికెళ్ళి, ప్రసంగం మొదలవకుండానే నిద్రపోయాను. ఇంట్లో పొయ్యి మీద చందువా చేపల పులుసు ఉడుకుతోంది. పండక్కని వేస్తున్న సున్నం సగం గోడల్తో ఆగి ఉంది. దాన్ని చూసి నోటికొచ్చింది అల్లేశాను. "నానొత్తానని గోడలకి సున్నాలేత్తన్నారు, బాగానే ఉంది. మాటల్లేనోళ్ళింటికి ముందు మీరెల్లండి, ఆ ఎనకాల నానొత్తాను అంటన్నాడంట అత్తా క్రీస్తు." అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. అప్పుడు తట్టింది నాకు, మందసలో ఉన్న చిన్నత్త సంగతి.

అక్కచెల్లెళ్ళకి పదకొండేళ్ళుగా మాటల్లేవు. మా నాయనమ్మ చిన్నత్త ఇంట్లో పోయింది. కబురు ఆలస్యమై, పెద్దత్త వెళ్ళేసరికి మట్టి కప్పేశారు. తల్లి ముఖం చూడనివ్వలేదని అక్కడే తిట్టి వచ్చేసింది. మళ్ళీ ఆ ఊరి బస్సెక్కలేదు.

"ఎవురింటికంట?" అంది అత్త.

"పేరు సెప్పలేదు" అన్నాను.

మర్నాడు ఉతికిన చీర కట్టి, నన్ను వెంటబెట్టుకుని మందస బస్సెక్కింది. దారి పొడుగునా నేనొక్క జోకూ వేయలేదు. చిన్నత్త తలుపేసేస్తే? ముసలి మనిషి ఆ గుమ్మం ముందు తలదించుకుంటే ఆ పాపం క్రీస్తుది కాదు, నా కునుకుది.

చిన్నత్త గుమ్మంలో కూర్చుని పళ్ళెంలోకి మునగాకు దూస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు. తల వంచి, ఆకుతో చెబుతున్నట్టు "తప్పయిపోనాదే అక్కా" అంది.

"ఏటన్నావే?" అంది పెద్దత్త.

అక్క కావాలనే సాధిస్తోందనుకుని, చిన్నత్త పళ్ళు బిగించి మళ్ళీ అంది.

"గట్టిగా సెప్పే."

"చిన్నత్తా, ఆవిడకి ఇనబడదు" అన్నాను.

చిన్నత్త నా ముఖం చూసింది, అక్క ముఖం చూసింది. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పళ్ళెం పక్కన పెట్టి లేచి, అక్క చెవి దగ్గర వీధంతా మోగేలా అరిచింది. "తప్పు నాదే. నువ్వు తగువుకొత్తావని బయపడి ఆలీసంగా కబురెట్టినాను. అమ్మ నీ పేరే కలవరించింది." ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు.

"అలగ సెప్పు" అంది పెద్దత్త. అక్కడే కూలబడి, పళ్ళెం ఒళ్ళోకి లాక్కుని మునగాకు దూయడం మొదలెట్టింది. కళ్ళు తుడుచుకోవడానికి ఆవిడకి చెయ్యి ఖాళీ లేదు.

తిరుగు బస్సులో నా తప్పు ఒప్పుకున్నాను. ఆవిడకి ఏం చెప్పినా అరిచే చెప్పాలి కదా, బస్సంతా వింది.

"తెల్సురా" అంది అత్త. "ఆకరి పాటకి అందరూ లేసినా నువ్వొక్కడివే లెగలేదు."

"మరెందుకెల్లేవు?"

"బైబిల్లో దేవుడు ఒకపాలి గాడిద సేత కూడా మాటాడించేడంట. నువ్వు దానికన్నా తీసిపోయేవేటి?"

ఆ ఆదివారం అయ్యగారు నిజంగా ఏం చెప్పారో కనుక్కోవాలని చాలాసార్లు అనుకున్నాను. ఇప్పుడా అయ్యగారూ లేరు, అత్తలిద్దరూ లేరు. మొన్న మా ఆవిడ కూడా ఆడవాళ్ళ వైపు బెంచీలో కునికింది, నేను చూశాను. అయినా ఇంటికొచ్చి "ఏటి సెప్పేరే?" అని చెవి దగ్గరగా పెట్టాను. చెవులు పనిచేసినన్నాళ్ళూ మాట్లాడుతూనే గడిపేశాను. వినడానికి కూర్చునేసరికి ఈ వయసొచ్చింది.