నాన్నమ్మ మార్చిన నీళ్ళు

మొన్న రాజమండ్రిలో పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉండగా, హాల్లో గోడవారగా ఉన్న పెద్ద అద్దాల తొట్టి మూత తీసి ఒకతను లోపల తుడవడం మొదలుపెట్టాడు. తడి రాయి, ఉప్పు, కొంచెం నాచు, కొంచెం నీచు కలిసిన ఆ వాసన ముక్కుకి తగిలేసరికి పంటినొప్పి మాట మర్చిపోయాను గాని, దాని బదులు పాత దిగులు కదిలింది. పిల్లలందరూ అద్దానికి ముక్కులు ఆనించి చేపల్ని చూస్తుంటే నేను లేచి వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను.

పాలకొల్లులో మా ఇంట్లో, నేను ఐదో క్లాసు చదివే రోజుల్లో, అలాంటి తొట్టి ఒకటి ఉండేది. ఏకాదశి నాడు ఉల్లిపాయ కూడా గడప దాటి రాని కొంప మాది. అందులోకి చేపలు వచ్చాయంటే అది మా బాబాయి చలవే. నాన్నగారు బళ్ళో తెలుగు మాస్టారు. బాబాయి జువాలజీ చదివి, తుని అవతల సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీలో పనికి కుదిరాడు. సెలవుకి ఇంటికొస్తే పెరటి దారిన వచ్చి, నూతి దగ్గర బట్టలు వదిలేసి, నెత్తిమీంచి నీళ్ళు గుమ్మరించుకుంటే తప్ప నాన్నమ్మ లోపలికి రానిచ్చేది కాదు. "బ్రాహ్మడివై పుట్టి రొయ్యలకి పురుళ్ళు పోస్తున్నావుట్రా" అని దెప్పుతూనే, బాబాయికి ఇష్టమైన దబ్బకాయ ఊరగాయ మాకెవరికీ అందకుండా చిన్న జాడీలో దాచి ఉంచేది.

ఆ తరవాత రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వచ్చింది. చెరువులకి చెరువులు ఎండగట్టేశారు, రొయ్యపిల్లల్ని కొనేవాళ్ళు లేక హేచరీ మూతపడింది, బాబాయి పెట్టె పట్టుకుని ఇంటికొచ్చి వీధరుగు మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు అలాగే ఉండిపోయాడు. గడ్డం పెరిగింది, మాతో అష్టాచెమ్మా ఆడడం మానేశాడు. నాన్నమ్మ వంటింట్లోంచి నడవా గుండా ఆ వీపు కేసి చూసి, కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళేది. ఇంట్లో అందరం గొంతు తగ్గించి మాట్లాడుకోవడం నాకు అప్పుడే అలవాటైంది.

అలాంటప్పుడు ఊళ్ళో కొత్త ఆసుపత్రి కడుతున్న డాక్టరుగారు, మద్రాసులో ఏదో హోటల్లో సముద్రపు చేపల తొట్టి చూసొచ్చి, తన ఆసుపత్రి హాల్లో కూడా అలాంటిది పెట్టించాలని ముచ్చటపడి, బాబాయికి కబురు పెట్టారు. "ముందు మీ ఇంట్లో ఒకటి పెట్టి చూపించండి మూర్తిగారూ. అది నిలబడితే నాకే కాదు, భీమవరంలో మా వాళ్ళకి కూడా మీరే చేద్దురు గాని" అన్నారట. బాబాయి ఇంటికొచ్చి గడ్డం గీసుకున్నాడు.

వీధి గదిలో దిట్టమైన బల్ల మీద అద్దాలు జిగురుతో అతికించి తొట్టి కట్టాడు. నాన్నమ్మ మాత్రం "నడవా దాటి లోపలికి ఒక్క చుక్క రాకూడదు, చెప్తున్నా" అని తేల్చేసింది. అంతర్వేది సముద్రం మాకు దగ్గరే గాని, అక్కడ గోదారి కలిసి ఉప్పు పలచబడి నీళ్ళు బురదగా ఉంటాయని, బాబాయి తుని అవతలి నుంచే డ్రమ్ములతో నీళ్ళు తెచ్చాడు. అడుగున గవ్వల పొడి ఇసుక, దాని మీద జాలర్ల వలల్లో పడ్డ గులాబీరంగు సున్నపు రాళ్ళు, ఆ రాళ్ళ సందుల్లో వెంట్రుకంత కాళ్ళతో ఊగే పేరు తెలియని పురుగులు. చేపలు మాత్రం లేవు. వీధిలో పోయేవాళ్ళు కిటికీలోంచి తొంగి చూసి, "ఏంటండీ మూర్తిగారూ, రాళ్ళు పెంచుతున్నారా" అని ఏడిపించేవారు. "నీళ్ళు ఊరాలే" అనేవాడు బాబాయి మాతో. "కొత్త నీళ్ళు చేపకి విషం. రాళ్ళకి పట్టిన పాసిలో కంటికి కనపడని జీవాలుంటాయి. చేపల మురికిని తినేది అవే. అవి కాపరం పెట్టాకే చేపలు."

పెరట్లో మామిడి తాండ్ర చాపల మీద పొర మీద పొర ఎండుతూ, ఆవకాయ జాడీలకి వాసెనలు కట్టి ఊరబెడుతూ ఉన్న ఆ వేసవంతా, వీధి గదిలో ఆ నీళ్ళు కూడా ఊరాయి. కరెంటు పోయి గాలి మోటారు ఆగిపోతే మేం పిల్లలం వంతులేసుకుని చెంబుతో నీళ్ళు ముంచి పైనుంచి పోస్తూ ఉండేవాళ్ళం. తొలకరి పడ్డాక బాబాయి మద్రాసు నుంచి తెల్ల పట్టీల నారింజరంగు చేపలు రెండు, పుట్టగొడుగుల్లాంటి మెత్తటి పగడపు జీవాలు కొన్ని, నీళ్ళ సంచుల్లో ఒళ్ళో పెట్టుకుని రైల్లో తెచ్చాడు. చేపలు బతికాయి. పగడాలు విచ్చుకున్నాయి. బాబాయి మళ్ళీ నవ్వుతుంటే ఇంట్లో దీపం పెట్టినట్టుండేది నాకు. నాన్నమ్మ గుమ్మం అవతలే నిలబడి, "తింటున్నాయిట్రా అవి" అని అడగడం మొదలుపెట్టింది.

ఆషాఢ అమావాస్యకి సూర్యగ్రహణం పడింది. ఆ వారంలోనే డాక్టరుగారు తొట్టి చూడడానికి వస్తానన్నారు. బాబాయి కొంచెం కొత్త నీళ్ళు కలపాలని తుని వెళ్ళాడు. వానలకి దారిలో చిక్కుకుని, గ్రహణం వేళకి రాలేకపోయాడు. నాన్నమ్మ ఎప్పటిలాగే ఊరగాయ జాడీల మీద, మంచినీళ్ళ బిందెల మీద దర్భలు వేసింది. ఆ ఏడు వీధి గదిలోకి వచ్చి తొట్టి మీద కూడా ఒక దర్భ వేసింది. గ్రహణం విడిచాక అందరం స్నానాలు చేశాం. ఇంట్లో నిలవున్న నీళ్ళన్నీ పారబోశారు. అప్పుడు నాన్నమ్మ తొట్టి ముందు ఆగింది.

"మూర్తి వచ్చాక చూసుకుంటాడు లెండి అత్తయ్యగారూ" అంది అమ్మ.

"వాడెప్పుడొస్తాడో. ఇంట్లో నీళ్ళన్నీ మార్చి దీన్నొక్కదాన్నీ వదిలేస్తామా? రొయ్యలకి పట్టిన తెగులు వీటికీ పడితే వాడేం కావాలే?"

నాన్నగారు నూతిలోంచి తోడి ఇస్తుంటే, అమ్మా నాన్నమ్మా కల్లుప్పు కరిగించి, ఊరగాయలకి వడకట్టినట్టే పంచెలో వడకట్టారు. పేటలో ఎవరు ఆవకాయ కలిపినా ఉప్పు చూడడానికి పిలిచేది నాన్నమ్మనే. మడి కట్టుకుంటే మమ్మల్ని కూడా ముట్టుకోనివ్వని ఆ మనిషి, చేపలు తిరిగిన నీళ్ళలో వేలు ముంచి నాలిక మీద వేసుకుంది. కొత్త నీళ్ళు రుచి చూసి, ఇంకో గుప్పెడు ఉప్పు వేయించి, మళ్ళీ రుచి చూసి, సరిపోయిందంది. చేపల్ని సత్తుగిన్నెలోకి తీయించి, రాళ్ళకి పట్టిన పాసి కొబ్బరిపీచుతో తానే తోమింది. అద్దాలు మిలమిల్లాడాయి. తొట్టి అంత శుభ్రంగా ఎప్పుడూ లేదని నేను సంబరపడ్డాను.

పొద్దున్నకి పగడాలు ముడుచుకుపోయాయి, వీధి గదిలో కుళ్ళు వాసన మొదలైంది. మధ్యాహ్నం రిక్షాలో డ్రమ్ములు దింపుకుని బాబాయి వచ్చేసరికి చేపలు పక్కకి వాలి నీటి పైన నోళ్ళు తెరుస్తున్నాయి. తెల్లగా మెరుస్తున్న రాళ్ళ కేసి చూసి నిలబడిపోయాడు. నాన్నమ్మ తడి చేతులతో వచ్చి, తనేం చేసిందో అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. "దోషం ముందే తగిలిందిరా. గ్రహణం పడుతుండగానే మార్చాల్సింది, నాదే ఆలస్యం" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

బాబాయి ఆవిడ మొహం చూశాడు. నాకు భయమేసింది, అరుస్తాడేమోనని. "మంచిపని చేశావమ్మా. చేపలే నీరసంగా ఉన్నాయి, తెచ్చినప్పుడే" అన్నాడు. డాక్టరుగారితో ఉప్పు పాళ్ళలో తనే పొరబడ్డానని చెప్పాడు. ఆసుపత్రి తొట్టి కట్టడానికి మద్రాసు నుంచి వేరే మనుషులొచ్చారు. బాబాయి తణుకులో ఒక ఎరువుల కొట్లో గుమస్తాగా చేరి, అక్కడే తల నెరిసే దాకా ఉండిపోయాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ కోపమే వస్తుంది, ఎవరి మీదో తెలియదు. నాన్నమ్మ మాత్రం ఉన్నన్నాళ్ళూ, బాబాయి ఇంటికొచ్చినప్పుడల్లా, "మళ్ళీ పెట్టరా ఆ చేపల్ని. ఈసారి నీళ్ళ సంగతి నేను ముందే చూసుకుంటాగా" అనేది. బాబాయి "అలాగేనమ్మా" అనేవాడు.

ఇప్పుడా ఇల్లు లేదు, అక్కడ మేడ లేచింది. ఊరగాయలు కొట్లోంచి వస్తున్నాయి, గ్రహణానికి నీళ్ళు పారబోసేవాళ్ళు మా ఇళ్ళల్లో ఎవరూ మిగల్లేదు. సముద్రపు ఉప్పు పొడి కూడా పొట్లాల్లో అమ్ముతున్నారు, కొలతప్రకారం కలుపుకుంటే చాలట. కిందటి నెల తణుకు వెళ్ళినప్పుడు, రిటైరై ఊరికే కూర్చుంటున్న బాబాయికి ఇదంతా చెప్పి, ఇప్పుడైనా ఒక తొట్టి పెట్టుకోమన్నాను.

"ఇప్పుడెందుకే. ఉప్పు చూసి పెట్టేవాళ్ళు లేరుగా" అని, నా కాఫీ గ్లాసు కూడా తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.